కడగని గిన్నె

మంగళవారం ఉదయం ఎనిమిదీ పదికి డాక్టర్ శశిభూషణ్ కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత ఇంక్యుబేటర్ తలుపు తెరిచి, ఏడో నంబరు ప్లేటు తీసి లైటుకి ఎదురుగా పట్టాడు.

అరచేతిలో పట్టే గుండ్రటి ప్లేటు అది. అందులో జెల్లీలాంటి పదార్థం మీద బ్యాక్టీరియా పలచటి మీగడలా పరుచుకుని ఉంది. దాని మీద ఆరు కాగితపు బిళ్ళలు. ఒక్కో బిళ్ళలో ఒక్కో యాంటీబయాటిక్. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా పెరగదు, గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. పనిచేయకపోతే బ్యాక్టీరియా బిళ్ళ అంచుదాకా వచ్చి ఆనుకుంటుంది. ఈ ప్లేటులో ఐదు బిళ్ళల అంచుదాకా వచ్చేసింది. ఒక్కదాని చుట్టూ మాత్రం చిన్న ఖాళీ ఉంది.

శశిభూషణ్‌కి ఈ వరస కంఠతా వచ్చు. ఐసీయూ రోగుల రక్తంలో దొరికినదాని వరస ఇదే.

కోస్తాలో ఒక జిల్లా పెద్దాసుపత్రి అది. మూడు వారాలుగా అక్కడి ఐసీయూలో ఒకరి తర్వాత ఒకరికి జ్వరం వస్తోంది. ఆపరేషన్ బాగా జరిగి, రేపో మాపో వార్డుకి పంపుదామనుకున్నవాళ్ళకి ఉన్నట్టుండి చలి పుడుతోంది. రక్తం తీసి ల్యాబ్‌కి పంపితే అందరిలోనూ అదే బ్యాక్టీరియా. మామూలు మందులకు లొంగదు. మిగతావన్నీ అయిపోయాక వాడే ఆఖరి మందుల్లోనూ ఒక్కదానికే కాస్త లొంగుతుంది. ఐదుగురికి వచ్చింది. వాళ్ళలో ఒకడు, రేవులో వలలు అల్లే మనిషి, పోయిన శుక్రవారం చనిపోయాడు.

శశిభూషణ్ మైక్రోబయాలజీలో పీజీ రెండో సంవత్సరం. మందులకు లొంగని బ్యాక్టీరియా ఆసుపత్రిలో ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో పట్టుకోవడమే అతని థీసిస్. కుళాయిలు, సింకు, మంచాల కమ్మీలు, వెంటిలేటర్ గొట్టాలు, అన్నిటినీ దూదిపుల్లతో తుడిచి చూశాడు. ఏమీ దొరకలేదు. ఆఖరికి ఐసీయూలో పనిచేసే పదకొండుమంది వేళ్ళనీ చెప్పాపెట్టకుండా ప్లేట్ల మీద ఆనించాడు. పదిమంది చేతుల మీద ఆ బ్యాక్టీరియా లేదు. ఏడో నంబరు మీద ఉంది. దాన్నే ఇంకో ప్లేటులో పెంచి, బిళ్ళలు పెట్టి చూశాడు. ఏడో నంబరు ఎస్తేరు రాణి అనే కాంట్రాక్టు నర్సు.

సూపరింటెండెంట్ బుధవారం సాయంత్రానికి రిపోర్టు కావాలన్నారు. నర్సుల్ని పంపే కాంట్రాక్టర్ ఇంకాస్త సూటిగా చెప్పాడు. "పేరు చెప్పండి డాక్టరుగారూ. మర్నాడు ఆ మనిషి ఇక్కడ కనబడదు. ఇంకే ఆసుపత్రిలోనూ కనబడదు."

ఇప్పుడు పేరు దొరికింది. శశిభూషణ్ ప్లేటుకి మూతపెట్టి, చిన్నగా ఈల వేసుకుంటూ మేడమ్ గదివైపు నడిచాడు.

*

డాక్టర్ ఖైరున్నీసా మైక్రోబయాలజీ విభాగానికి పెద్ద. జిల్లాలో ఏ డాక్టరు ఏ మందు రాసినా, అది పనిచేస్తుందా లేదా అన్న మాట చివరికి ఆవిడ గదిలోంచే రావాలి. ఆవిడ ఒక్క ఫోన్ చేస్తే, పేరున్న సర్జన్లు కూడా మారుమాట లేకుండా మందు మార్చేవారు. చేతికి గాజులు ఉండవు, వేలికి ఉంగరం ఉండదు. గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. "ఇంక్యుబేటర్లో ఉన్నవాటికి చెవులున్నాయా మేడమ్, అంత మెల్లగా మాట్లాడతారు?" అని ఒకసారి ఒక విద్యార్థి అడిగితే, "నాకున్నాయి" అన్నారట.

శశిభూషణ్ ప్లేటు ఆవిడ ముందు పెట్టాడు. రోగుల ప్లేట్ల ఫొటోలు పక్కన పరిచాడు. ఏ రోజు ఎవరికి జ్వరం వచ్చిందో, ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారో చెప్పుకుంటూ వచ్చాడు. ప్రతిసారీ ఎస్తేరు ఉంది. గుక్క తిప్పుకోకుండా చెప్పాడు, కానీ బాగా చెప్పాడు.

మేడమ్ అంతా విన్నారు. ప్లేటుని ఒక నల్లగుడ్డ మీద పెట్టి, బిళ్ళ చుట్టూ ఉన్న ఖాళీని కొలిచారు.

"పని బాగా చేశావు."

శశిభూషణ్ ఆ మాట కోసం ఏడాదిన్నరగా ఎదురుచూస్తున్నాడు.

"ఎస్తేరు సిస్టరే మేడమ్. అనుమానం లేదు."

"మిగతా పదిమంది చేతులూ?"

"క్లీన్ మేడమ్."

"వాటి మీద ఏమీ పెరగలేదా?"

"పెరిగాయి. మామూలువి. అందరి చర్మం మీదా ఉండేవే."

"ఈ అమ్మాయి చేతి మీద ఆ మామూలువి?"

శశిభూషణ్ గుర్తుచేసుకున్నాడు. "లేవు మేడమ్. ఇదొక్కటే ఉంది."

మేడమ్ అందరి వేళ్ళూ ఆనించిన పదకొండు ప్లేట్లూ తెప్పించి, ఒక్కొక్కటే తిప్పి చూశారు. పది ప్లేట్ల మీద వేలిముద్రలు తెల్లగా, పచ్చగా, చుక్కలు చుక్కలుగా పెరిగి ఉన్నాయి. పెళ్ళిపందిట్లో జనంలా కిక్కిరిసి ఉన్నాయి. ఏడో ప్లేటు మీద ఒకే రకం చుక్కలు, దూరదూరంగా.

"రిపోర్టు రాయమంటారా మేడమ్?"

"తొందరేముంది? భోజనానికి నా గదికి రా."

*

కారిడార్లో ఇద్దరు నర్సులు నిలబడి ఉన్నారు. ఒకావిడ ఐసీయూ సీనియర్ సిస్టర్ పద్మలత. చేతిలో రక్తం సీసాల ట్రే ఉంది. రెండో మనిషి ఎస్తేరు. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో, బక్కగా ఉంటుంది. అరచేతులు ఎర్రగా పొడిబారి, వేళ్ళ సందుల్లో పగిలి ఉన్నాయి.

"ఏం సార్, మా చేతుల జాతకం వచ్చిందా?" అంది పద్మలత. "అందరివీ చెప్పొచ్చుగానీ ఈవిడది చెప్పడం కష్టం సార్. మంచానికీ మంచానికీ మధ్య రుద్ది రుద్ది గీతలన్నీ చెరిపేసుకుంది. మేం రెండు మంచాలు చూసేసరికి ఈవిడ ఇంకా మొదటి మంచం దగ్గరే ఉంటుంది, చేతులు రుద్దుకుంటూ."

ఎస్తేరు నవ్వలేదు. "నా చేతిలో ఏదో వచ్చిందని అంటున్నారు సార్. నిజమేనా?"

"రిపోర్టు సూపరింటెండెంట్‌గారికి వెళ్తుంది సిస్టర్. ఇప్పుడే ఏమీ చెప్పకూడదు."

ఆ మాటతోనే చెప్పేసినట్టయింది. పద్మలత ట్రే పట్టుకుని ఒక అడుగు పక్కకి జరిగింది.

"ఉద్యోగం సంగతి అడగట్లేదు సార్," అంది ఎస్తేరు. "ఇంట్లో తొమ్మిది నెలల పాప ఉంది. ఎత్తుకోవచ్చా?"

శశిభూషణ్‌ "ఒకటి రెండు రోజులు..." అని నసిగాడు.

"ఎత్తుకో అమ్మా." వెనక మేడమ్ నిలబడి ఉన్నారు. "ఇంటికెళ్ళగానే మామూలు సబ్బుతో, కుళాయి కింద కడుక్కో. తర్వాత ఎత్తుకో. పాపకి ఏమీ కాదు. ఈ రెండు రోజులూ స్టోర్‌లో కట్లు కట్టే గాజుగుడ్డలు మడతపెట్టే పని చెయ్యి. నేను మేట్రన్‌కి చెప్తాను."

ఎస్తేరు తలూపింది. పగిలిన చేతులు చీర కొంగులో దాచుకుని వెళ్ళిపోయింది.

పన్నెండింటికి శశిభూషణ్ ఒక సందేహం అడగడానికి మేడమ్ గదికి వెళ్ళాడు. ఆవిడ లేరు. ఎటు వెళ్ళారో అటెండర్‌కీ తెలియదు.

*

భోజనం ల్యాబ్‌లో కాదు. వరండా చివర టీ కాచుకునే చిన్న గదిలో. అక్కడికి వచ్చేముందు ఎవరైనా కోటు విప్పాల్సిందే, చేతులు మోచేతులదాకా కడగాల్సిందే.

మేడమ్ పెద్దగా మాట్లాడకుండా తిన్నారు. వంకాయ కూర సగం అతని పళ్ళెంలో వేశారు. చివర్లో చిన్న స్టీలు గిన్నెలోని పెరుగు అన్నంలో వంచుకున్నారు. గిన్నె అడుగున చెంచాడు పెరుగు అంటుకుని మిగిలింది.

ఆవిడ స్టవ్ దగ్గరికి వెళ్ళి, టీ కోసం కాచిన పాలు కొంచెం వేడి చేశారు. వేలు ముంచకుండా, గిన్నె పక్కన చెయ్యి ఆనించి, గోరువెచ్చగా అయ్యాయని చూసుకున్నారు. ఆ పాలు తెచ్చి పెరుగు గిన్నెలో పోశారు.

"మేడమ్, గిన్నె కడగలేదు," అన్నాడు శశిభూషణ్.

"పాలు కొత్తవేగా."

"కొత్తవే."

"మంచివేగా?"

"పొద్దున్న నేనే ప్యాకెట్ తెచ్చాను మేడమ్."

మేడమ్ గిన్నెమీద మూతపెట్టి అతని ముందుకు జరిపారు. "నీ బల్లమీద పెట్టుకో. ల్యాబ్‌లో కాదు, చదువుకునే గదిలో. రేపు పొద్దున్న మూత తీసి, ఏముందో వచ్చి చెప్పు. రిపోర్టు మీద సంతకం ఆ తర్వాత."

శశిభూషణ్ గిన్నె తీసుకున్నాడు. ఒళ్ళు మండింది. మూడు వారాల పని, ఎదురుగా ప్లేటు, సూపరింటెండెంట్ అడుగుతున్న రిపోర్టు. ఇవన్నీ ఉండగా పాలగిన్నె కాపలా. రిటైర్మెంట్ దగ్గరపడుతోంది కదా, ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు. సాయంత్రం కూర్చుని రిపోర్టు అంతా రాశాడు. 'సంక్రమణకు కారణం' అన్నచోట ఎస్తేరు రాణి పేరు, ఉద్యోగి నంబరు వేశాడు. సంతకం చోటు మాత్రం ఖాళీగా వదిలాడు. చెప్పింది మేడమ్ కాబట్టి.

*

బుధవారం ఉదయం మూత తీశాడు. గిన్నె వంచినా కదలని గట్టి పెరుగు.

అతనికి నవ్వొచ్చింది. గిన్నె అలాగే పట్టుకుని మేడమ్ గదికి వెళ్ళాడు.

"చూశావా?"

"చూశాను మేడమ్. పెరుగైంది."

"కొత్త పాలేగా?"

"కొత్త పాలే."

"మంచి పాలేగా?"

"మంచివే మేడమ్."

"తోడు ఎవరు వేశారు?"

"ఎవరూ వేయలేదు మేడమ్. అడుగున..."

అంతవరకు వచ్చి ఆగిపోయాడు. గిన్నె వంక చూశాడు. మేడమ్ తన ముందున్న కాగితాలు చదువుకుంటున్నారు. తలెత్తలేదు.

శశిభూషణ్ గిన్నె అక్కడే బల్ల మీద పెట్టేసి మెట్లవైపు పరిగెత్తాడు.

ఐసీయూలో సింకు పక్కన గోడకి ఒక మేకు, మేకు కింద పసుపుపచ్చటి మరక. అక్కడ ఎప్పుడూ లోషన్ సీసా ఉండేది. నర్సులు చేతులు రుద్దుకునే క్రిముల మందు. రోగులకి సూది గొట్టం పెట్టేముందు చర్మం తుడవడానికి దూది ముంచేదీ అందులోనే. కుళాయిల నుంచి కమ్మీలదాకా అన్నిటినీ తుడిచి పరీక్షించిన రోజున, పని అయ్యాక ఆ సీసా దగ్గరే నిలబడి అతను తన చేతులు రుద్దుకున్నాడు. దాన్ని పరీక్షించాలన్న ఊహే రాలేదు. క్రిముల్ని చంపే మందులో క్రిములుంటాయా అని ఎవరు వెతుకుతారు?

ఇప్పుడు మేకు దగ్గర సీసా లేదు.

"సిస్టర్, ఇక్కడి లోషన్ ఏది?"

"మీ మేడమ్‌నే అడగండి సార్," అంది పద్మలత విసుగ్గా. "నిన్న పన్నెండింటికి ఆవిడే వచ్చారు. సింకు దగ్గరిదీ, మంచాల దగ్గరివీ అన్ని సీసాలూ సంచిలో వేసుకుని పోయారు. దీన్నిప్పుడు ఏ మంచం దగ్గరా వాడొద్దని చెప్పి, స్పిరిట్ సీసాలు ఇచ్చారు. ఆ లోషన్‌కి ఏమైందంట? సోమవారమే డబ్బా సీలు తీశాం. కొత్త మందు సార్ అది."

"డబ్బాలోంచి సీసాలో ఎలా పోస్తారు?"

"ఎలా ఏంటి సార్? అడుగుకొచ్చాక పైన పోస్తాం. మరీ చిక్కగా ఉంటే కొంచెం నీళ్ళు కలుపుతాం, చేతులు జిగురుగా ఉంటాయని."

"సీసా కడగరా?"

పద్మలత అతన్ని వింతగా చూసింది. "క్రిముల మందు సీసాని కడగడం ఏంటి సార్?"

"ఆ సీసా ఎప్పటిది?"

"నేనీ వార్డుకి రాకముందు నుంచీ ఉంది. పగిలితే కదా, మార్చడానికి."

శశిభూషణ్ వెనక్కి నడిచాడు. ఈసారి పరిగెత్తలేదు. పదకొండుమందిలో ఆ సీసాని మంచానికీ మంచానికీ మధ్య ముట్టుకునే మనిషి ఒక్కరే. మిగతావాళ్ళ చేతుల మీద అది ఎందుకు లేదో ఇప్పుడతనికి తెలిసింది. తెలిశాక, ఆ పది ప్లేట్లనీ 'క్లీన్' అని తనే అన్న మాట గుర్తొచ్చింది.

మేడమ్ గదిలో సీసాలు ఒక ట్రేలో వరసగా ఉన్నాయి. మూతలకి టేపు వేసి ఉంది. వాటి పక్కన సీలు తీయని డబ్బా ఒకటి.

"ఇంకా ముట్టుకోలేదు. నువ్వు అడుగుతావని ఉంచాను," అన్నారు ఆవిడ.

అతను జేబులోంచి రిపోర్టు తీశాడు. "నిన్ననే రాశాను మేడమ్. చింపేస్తాను."

"చింపకు. నీ ప్లేటు అబద్ధం చెప్పలేదు." మేడమ్ కాగితం అందుకుని, ఎస్తేరు పేరున్న వాక్యం మీద పెన్సిల్ ఆనించారు. "నువ్వు 'ఎవరు' అని అడిగిన చోట 'ఎక్కడ' అని అడుగు. మిగతాదంతా అలాగే ఉంచు."

*

సాయంత్రం సూపరింటెండెంట్ గదిలో కాంట్రాక్టర్ కూడా కూర్చుని ఉన్నాడు.

"తెచ్చావా?" అన్నారు సూపరింటెండెంట్.

"తెచ్చాను సార్. అందులో మనిషి పేరు లేదు."

"పేరు దొరికిందన్నారే? ఆసుపత్రంతా అనుకుంటున్నారు."

"ఆవిడ చేతి మీదికి అది ఒక సీసాలోంచి వచ్చిందని నా అనుమానం సార్. లోషన్ సీసా. నిరూపించడానికి శనివారందాకా టైం కావాలి."

కాంట్రాక్టర్ చిన్నగా నవ్వాడు. "అయితే సీసాని డ్యూటీలోంచి తీసేయమంటారా డాక్టరుగారూ?"

"తీసేశాం సార్. నిన్న మధ్యాహ్నమే."

సూపరింటెండెంట్ నవ్వలేదు. "ఆ సీసాలో ఏమీ రాకపోతే?"

"నా మూడు వారాల పని తప్పని రాసి సంతకం పెడతాను సార్. థీసిస్ మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాను. కానీ అప్పటిదాకా ఆవిణ్ణి తీసేయొద్దు."

అలా అంటానని అతను లోపలికి వచ్చేటప్పుడు అనుకోలేదు. సూపరింటెండెంట్ కాంట్రాక్టర్ వైపు తిరిగారు. "శనివారం."

*

శనివారం ఉదయం సీలు తీయని డబ్బాలోంచి వేసిన ప్లేటు మీద ఏమీ పెరగలేదు. సింకు దగ్గరి సీసా అడుగునుంచి తీసిన చుక్క మాత్రం ప్లేటంతా మీగడ కట్టింది. బిళ్ళలు పెట్టి చూస్తే అదే వరస. ఐదింటి అంచుదాకా వచ్చింది, ఒక్కదాని చుట్టూ చిన్న ఖాళీ. ఆ ఒక్క మందునే రోగులకి ఇస్తున్నారు. నలుగురిలో ముగ్గురికి జ్వరం తగ్గింది. కొత్తగా ఎవరికీ రాలేదు.

సీసాలన్నీ బయట పారేశారు. పైన పోసే పద్ధతి ఆసుపత్రిలో ఎక్కడా ఉండకూడదని ఉత్తర్వు వచ్చింది. ఎస్తేరు సోమవారం మధ్యాహ్నం షిఫ్టుకి ఐసీయూకి తిరిగి వచ్చింది. ఆమెని చూసి పద్మలత, "రావమ్మా, కొత్త సీసా వచ్చింది, రుద్దుకో తనివితీరా," అంది. ఈసారి ఎస్తేరు నవ్వింది.

మేడమ్ పాలగిన్నె సంగతి ఎవరితోనూ ప్రస్తావించలేదు. విభాగం సమావేశంలో సీసాని కనిపెట్టింది శశిభూషణ్ అనే చెప్పారు. అతను లేచి ఏదో చెప్పబోతే, "కూర్చో, టీ చల్లారిపోతుంది" అన్నారు.

మరో వారం గడిచాక అతను చెప్పాపెట్టకుండా ఐసీయూకి వెళ్ళి, అదే పదకొండుమంది వేళ్ళని మళ్ళీ ప్లేట్ల మీద ఆనించాడు. ఈసారి వరస మార్చి నంబర్లు వేశాడు. పేర్లున్న కాగితం మేడమ్ బల్ల మీద బోర్లించి పెట్టాడు, చదివేటప్పుడు తనకి తెలియకూడదని.

మర్నాడు ఇద్దరూ కలిసి చూశారు. ఆ మొండి బ్యాక్టీరియా ఏ ప్లేటు మీదా లేదు. పది ప్లేట్ల మీద మామూలువి కిక్కిరిసి పెరిగాయి, ఎప్పటిలాగే. ఒక ప్లేటు మీద ఏమీ పెరగలేదు. జెల్లీ పోసిననాటి నిగనిగలాడే తేటదనంతో అలాగే ఉంది.

మేడమ్ కాగితం తిప్పి అతని ముందుకు జరిపారు. ఆ నంబరు ఎస్తేరుది.